బోర్డు ముందర బస్తాలు

గోపి ప్రాణం పోయే వేళకి కరెంటు పని చూసే విక్టరు మిల్లులోనే లేడట. చర్చికి క్రిస్మస్ దీపాలు కట్టడానికి వెళ్లాడట. షావుకారు దగ్గర జీతం తీసుకుంటూ ఏసుప్రభువు దగ్గర డ్యూటీ చేశాడట. ఈ మాట లక్ష్మణమ్మ కుళాయి దగ్గర చెప్పింది. లక్ష్మణమ్మకి ఆమె ఆడపడుచు కొడుకు చెప్పాడు. వాడు మిల్లు గేటు ఎదర టీ కొట్టులో విన్నాడు. టీ కొట్టులోకి ఆ మాట ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. లక్ష్మణమ్మ నిప్పు వైపు నోట్లో పెట్టుకున్న అడ్డపొగ చుట్ట బయటికి తీసి, నుసి దులిపి ఒక మాట చెప్పిందంటే ఆ వీధిలో దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చిన్నతల్లి చంకలో బిందె దించకుండానే ఆ మాట తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఇన్నావా? ఆ విక్టరుగాడు మిల్లులోనే నేడంట. సర్చీకి రంగు బల్బులు కట్టడానికి ఎల్లిపోనాడంట. ఆడుంటే సిటికెలో కరెంటు కట్టీసీవోడు కదా. మన గోపి బతికీవోడు కదా."

నరసింగరావు అరుగు మీద కూర్చుని కాలి మడమ పగుళ్ల వైపు చూసుకుంటున్నాడు.

లోపలి గదిలో గోడకి చేరబడి కూర్చున్న రేఖ విన్నది. గోపి పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఏడవటం తప్ప నోరు విప్పి ఒక మాట అన్నది లేదు. అప్పుడంది.

"ఆడి సేతులు పడిపోను. ఆడి పెళ్లాం నాలాగే కూకోను."

చిన్నతల్లి బిందె దించి కళ్లొత్తుకుంది. కూతురు మాట్లాడింది, అంతే చాలనుకుంది. తిట్టుకోవడానికి ఒక పేరు దొరికాక ఆ పిల్ల ఆ పూట రెండు ముద్దలు తిన్నది కూడా.

విక్టరు మిల్లులోనే ఉన్నాడు. ఆ సంగతి నరసింగరావుకి తెలుసు. అతని ముఠాలో బస్తాలు మోసే కళాసీలందరికీ తెలుసు. ఉండటం ఒక్కటే కాదు, ఆ వేళ విక్టరు ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో కూడా తెలుసు. బస్తా మీద బస్తా పేర్చిన నెట్టు మీద, పైకప్పు రేకులకి వీపు ఒరుసుకుపోతుండగా బోర్లా పడుకుని, గోడకీ బస్తాలకీ మధ్య భుజం దాకా చెయ్యి దూర్చి, అందని హ్యాండిల్ కోసం తడుముతున్నాడు.

ఆ నెట్టు కట్టింది నరసింగరావే.

రాజాం చుట్టుపక్కల రైసు మిల్లుల్లో బస్తాలు నెట్టు కట్టడంలో నరసింగరావు మేస్త్రి పేరు చెప్పుకుంటారు. ఒక వరస నిలువు, దాని మీద వరస అడ్డం, మూలల్లో బస్తాకి బస్తా మెలేసి కడతాడు. రేకులు తగిలేదాకా కట్టినా గోడ కట్టినట్టే ఉంటుంది గాని పక్కకి ఒరగదు. అందులో ఒక గుట్టుంది. అలా మెలేసి కట్టిన నెట్టులోంచి మధ్య బస్తా ఒకటి లాగుదామంటే రాదు. విప్పాలంటే పైనుంచి వరస వెంట వరస దించుకుంటూ రావాల్సిందే. వేరే మిల్లుల మేస్త్రీలు వచ్చి చేత్తో తట్టి చూసి, "ఎలక కూడా దూరదు కదరా బావా" అని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. నరసింగరావు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు కాదు గాని, ఆ మాట అన్నవాడికి టీ మాత్రం తప్పకుండా తాగించేవాడు.

మిల్లు షెడ్డులో తూర్పు గోడకి మనిషెత్తు ఇనప పెట్టె ఉంది. మిల్లంతటికీ కరెంటు దాంట్లోంచే వెళుతుంది. అందరూ దాన్ని బోర్డు అంటారు. బోర్డు పక్కన కుడిచేతి వైపు ఎర్ర హ్యాండిల్. అది కిందికి లాగితే మిల్లంతా ఆగిపోతుంది. బోర్డు ముందు మూడడుగుల మేర ఎప్పుడూ ఖాళీగా ఉండాలని రూలు. విక్టరు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేల మీద పసుపు రంగుతో గీత గీసి, గోడ మీద "ఇచ్చట ఏమియు పెట్టరాదు" అని రాశాడు.

ఆ ఖాళీ చూస్తే గోపికి వేళాకోళం.

"విక్టర్ బావా, షావుకారు నీకు ఇళ్ల స్థలం ఇచ్చినాడంట కదా. పట్టా సేతికొచ్చినాదా?"

"ఒచ్చినాది రా. నువ్వు ఎప్పుడైనా కరెంటు పట్టుకుని యేలాడితే నేను నిలబడి స్విచ్చి కట్టడానికి ఇచ్చినాడు."

"అయితే నిలబడే ఉండు బావా. కూకోకు. నేనెప్పుడు యేలాడతానో ఏటో."

కళాసీలంతా నవ్వేవాళ్లు. విక్టరూ నవ్వేవాడు. ఆ స్థలంలోకి ముందు ఒక చీపురు చేరేది. చీపురేం చేస్తుందిలే అని ఒక జల్లెడ. ఆ తర్వాత ఖాళీ గోనెల కట్ట. ఆ కట్ట మీద ఎవరిదో అన్నం క్యారియరు. పని ముమ్మరమైన రోజుల్లో గీత మీదికి బస్తాలు వచ్చేసేవి. విక్టరు వచ్చి గోల పెట్టేవాడు, వాళ్లు తిట్టుకుంటూ తీసేవాళ్లు, నాలుగు రోజులకి మళ్లీ చీపురు చేరేది. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్న ధైర్యం కూడా బస్తా లాంటిదే, ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది.

ఈసారి కోతలన్నీ ఒక్కసారి అయ్యాయి. సముద్రంలో వాయుగుండమన్నారు. కళ్లాల్లో వడ్లు తడిసిపోతాయని రైతులు ఉన్నవి ఉన్నట్టే ట్రాక్టర్ల మీద వేసుకొచ్చారు. మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లే. రైతులు మీద టార్పాలిన్లు కప్పి, కింద తాము తడుస్తూ నిలబడ్డారు. షెడ్డు నిండిపోయింది. నడిచే దారులు నిండిపోయాయి.

మేనేజరు కొండబాబు గొడుగేసుకుని వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ, ఎక్కడ పొడుంటే అక్కడ పెట్టీండి" అన్నాడు. బోర్డు ముందు పెట్టమని అనలేదు. పెట్టవద్దనీ అనలేదు. కొండబాబు మాటలు ఎప్పుడూ అలాగే ఉంటాయి, రేపు ఎటు కావాలంటే అటు తిప్పుకోవడానికి వీలుగా.

పొడిగా మిగిలింది బోర్డు ముందు జాగా ఒకటే. అక్కడ నేల కాస్త ఎత్తు, పైన రేకులు కొత్తవి. నరసింగరావు అటు చూశాడు. విక్టరు అతని చూపు పట్టుకున్నాడు.

"ఒద్దు మేస్త్రీ. అక్కడొద్దు."

"రెండ్రోజులు రా. వాన కట్టీగానే తీసేత్తాను."

"పోనీ నేను దూరీపాటి సందైనా ఒగ్గు."

"సందొగ్గితే నెట్టు నిలబడదు. ఒక పక్క ఒదులైతే మొత్తం నీ మీదే పడతాది. నాకు తెల్దేటి నా పని? వడ్లు మొలకొచ్చీస్తే నీ బోర్డు మాట్లాడతాదా, నువ్వు మాట్లాడతావా?"

విక్టరు కొండబాబు దగ్గరికి వెళ్లాడు. కొండబాబు ఫోనులో ఉన్నాడు. చేత్తోనే ఆగమన్నాడు. విక్టరు ఆగాడు. ఆ ఆగటంలో నెట్టు అతని తల దాటిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బస్తాలు పైకెక్కించే బెల్టు మిషను గేటు దగ్గర్నుంచి షెడ్డులోకి తోయబోతున్నారు. ఇనప చక్రాల మీద నడిచే పొడుగాటి మిషను అది. దాని వైరు నేల మీద నీళ్లలోంచి వెళ్లి, నెట్టు వెనక బోర్డులో కలుస్తుంది. ఆ వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఉంది. గోపి తల మీద గోనె ముసుగేసుకుని, చెప్పుల్లేని కాళ్లతో బురదలో నిలబడి మిషను చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు.

ముందు అందరూ ఆటలాడుతున్నాడనుకున్నారు. గోపి అలాంటివాడే. తర్వాత అతని పళ్లు కనిపించాయి.

ఒకడు వెదురుకర్రతో కొట్టబోయి, ఆ కర్ర కూడా వానకి నానిపోయి ఉండటంతో గిలగిల్లాడి వెనక్కి పడ్డాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు కట్టేద్దామంటే దాని కంచెకి తాళం. తాళంచెవి కొండబాబు గుత్తిలో ఉంది. కొండబాబు రోడ్డు మలుపులో ట్రాక్టర్ల వాళ్లతో వాదన వేసుకుంటున్నాడు. విక్టరు పొట్టు గది వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు, నెట్టు వైపు ఒక్కసారి చూశాడు, కోతిలా పైకి పాకాడు. పైనుంచి చెయ్యి పెట్టాడు. అందలేదు.

"దించీండి. పారెయ్యండి, పారెయ్యండి" అని అరిచాడు.

కళాసీలు దించారు. నరసింగరావు రాత్రింబవళ్లు మర్చిపోలేకపోయింది అదే, ఎలా దించారన్నది. ఒకడు నెట్టు మీద నిలబడి బస్తా చెవులు పట్టుకుని అందించాడు. కింద ఒకడు వీపు ఒగ్గాడు. మోసుకుంటూ వెళ్లి, గోడ వార మూతి పైకి ఉండేలా నిలబెట్టి, మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డాడు. ఎవరూ పారెయ్యలేదు. బస్తా నేలకేసి కొడితే గోనె చిరుగుతుంది, చిరిగితే ముఠా మీద పడుతుంది అని ఒళ్లు నేర్చుకున్న పని అది. కళ్ల ముందు మనిషి కరెంటులో ఊగుతుంటే కూడా వాళ్ల వీపులు అలవాటైనట్టే వంగాయి, కాళ్లు అలవాటైనట్టే నడిచాయి. నరసింగరావు కూడా వంగాడు. మోశాడు. మూతి పైకి చూసి నిలబెట్టాడు. వెనక్కి వస్తూ గోపి ముఖం చూసి, మళ్లీ వీపు ఒగ్గాడు.

చివరికి విక్టరే కిందికి దూకి, ఒకడి చేతిలో కొక్కెం లాక్కుని ఎదురుగా ఉన్న బస్తాలు అడ్డదిడ్డంగా చీరేశాడు. వడ్లు జలజలమని కారాయి. ఆ కారిన సందులోకి తల, భుజాలు దూర్చి, చేతులతో వడ్లు తోడుకుంటూ పోయి హ్యాండిల్ లాగాడు. మిల్లు ఆగిపోయింది. రేకుల మీద వాన చప్పుడు అంతసేపూ ఉన్నదే, అప్పుడు వినబడింది. గోపి చేతులు వదిలేసి బురదలో పడ్డాడు.

గోపి నరసింగరావుకి అల్లుడు మాత్రమే కాదు. సొంత అక్క కొడుకు. చిన్నప్పుడే తల్లి పోతే తెచ్చి పెంచుకుని, పనిలోకి తీసుకుని, పిల్లనిచ్చాడు.

కుళాయి దగ్గర మాట పుట్టిన మర్నాడు కొండబాబు వచ్చాడు. బండి వీధి చివర ఆపి నడిచి వచ్చాడు. రేఖని చూసి "అమ్మా, ధైర్యంగా ఉండాలి" అన్నాడు. నరసింగరావుని పెరట్లో పాక చాటుకి పిలిచాడు. ఎప్పుడూ మేస్త్రీ అని పిలిచేవాడు, ఆ రోజు మావా అన్నాడు.

"మావా, ఎల్లుండి ఫ్యాక్టరీ ఇనస్పెక్టరు వస్తున్నాది. ఆడ మనిసి. అన్నీ అడుగుతాది."

నరసింగరావు పుల్ల ఒకటి తీసుకుని నేల గీస్తున్నాడు.

"బోర్డు ముందు బస్తాలున్నాయంటే ఏటవుతాది? ఎవులు పెట్టినారు అని అడుగుతాది. షావుకారు మోసినాడా? నేను మోసినానా? నీ ముఠా మోసినాది. నువ్వు కట్టినావు. అప్పుడు గోపిని ఎవులు సంపినట్టు? నేననను మావా. ఊరంటాది. రేపు నీ కూతురంటాది."

పుల్ల విరిగింది. నరసింగరావు ఇంకొకటి తీసుకోలేదు.

"బస్తాలు నేవనుకో. జాగా కాళీగానే ఉన్నాది, స్విచ్చి కట్టీవోడే నేడు. అంతే. విక్టరు ఉన్నాడంటే బస్తాలున్నట్టు. బస్తాలు నేవంటే విక్టరు నేనట్టు. రెండిట్లో ఒకటే కుదురుతాది."

"ఆడికి పెళ్లాం పిల్లలున్నారు బాబూ."

"నీకు నేరేటి?" అన్నాడు కొండబాబు. తర్వాత మెత్తగా, "మిల్లు మూసీసినారనుకో, నీ ముఠా ఎక్కడికెల్తాది? భోగాపురం ఎయిర్‌పోర్టు కాడ మట్టి మొయ్యడానికెల్తారా ఈ వయసులో? రేఖకి ఆఫీసులో పని ఇప్పిస్తానని షావుకారు మాటిచ్చినారు. ఆలోసించుకో" అని, గోడ మీద ఆరేసిన చీర తలకి తగలకుండా వంగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే విక్టరు పెళ్లాం దేవమణి వచ్చింది. చర్చి ఉన్న మిషను పేట నుంచి చెరకు తోట గట్టు మీదుగా ఒక్కతే నడిచి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది గాని లోపలికి రాలేదు. రేఖే బయటికి వచ్చింది.

"మీయాయన ప్రార్థన బాగా అయినాదా వదినా?"

దేవమణి ముఖం మాడింది. "నన్నెన్ని మాటలైనా అను. మొగుడు పోయినోళ్ల మాట పడతాను. ఆయన మాత్రం సర్చీకి ఎల్లనేదు."

"ఊరంతా అబద్ధమాడతాదేటి?"

"ఊరు ఆ షెడ్డులో ఉన్నాదేటి? మీ నాన్న ఉన్నాడు." దేవమణి రేఖని దాటి అరుగు మీదికి చూసింది. "అన్నా, పోలీసులు ఆయన్ని రెండుసార్లు పిలిపించినారు. పని మానీసి ఎల్లినావు, నీ వల్లే మనిసి సచ్చినాడు అని కేసు రాస్తారంట. నువ్వొక్క మాట సెప్పు. ఆయన ఆ వేళ ఎక్కడున్నాడు?"

చిన్నతల్లి గుమ్మంలోకి వచ్చింది. రేఖ తండ్రి వైపు తిరిగింది. వీధిలో లక్ష్మణమ్మ కోళ్లను గూట్లోకి తోలుతున్నట్టు నటిస్తూ అక్కడే తచ్చాడుతోంది.

"ఆ కంగారులో ఎవులెక్కడున్నారో నాకేటి తెలుస్తాదమ్మా" అన్నాడు నరసింగరావు.

"ఆయన అరసేతులు సూసినావా అన్నా? ముద్ద కలుపుకోనేకపోతన్నాడు. గోళ్లలో వడ్ల నూగు నేను సూదితో తీసినాను" అంది దేవమణి. కొంగు బిగించుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"ఏటంతంది నాన్నా అది? వడ్లేటి?" అని రేఖ అడిగింది.

"ఏటో. బాధలో ఉన్నాది" అన్నాడు.

రేఖ సరేనని లోపలికి వెళ్లిపోయింది. అబద్ధం ఆ పిల్లకి చెప్పడం తేలికైంది, అది నమ్మడమే అతనికి కష్టమైంది.

ఇనస్పెక్టరు ఉష విజయనగరం వైపు నుంచి జీపులో వచ్చింది. నూలు చీర, కాళ్లకి బూట్లు. మాట మెల్లగా ఉంది గాని ఆగి ఆగి చూసే చూపుంది. షెడ్డు కడిగి పెట్టారు. బోర్డు ముందు జాగా అద్దంలా ఉంది. కింద రబ్బరు చాప కొత్తది. పసుపు గీత మెరిసిపోతోంది.

"ఈ గీత ఎప్పుడు గీశారు?"

"మొదట్నుంచీ ఉన్నదే మేడం. మొన్న కాస్త మెరుగు పెట్టించాం" అన్నాడు కొండబాబు. ఇనస్పెక్టరు ముందు అతని మాట పట్నం మాట అయిపోయింది.

ఆమె వంగి గీత మీద వేలు పెట్టింది. వేలికి పసుపు అంటింది. రుమాలుతో తుడుచుకుంది. తర్వాత బోర్డు అడుగు వైపు టార్చి వేసింది.

"ఇక్కడ ఈ వడ్లేమిటి?"

"రైసు మిల్లు కదా మేడం. వడ్లు కాక ఏముంటాయి?"

వెనక ఎవడో చిన్నగా నవ్వాడు. ఆమె తల తిప్పేసరికి ఆగిపోయాడు.

విక్టరు గోడ వార నిలబడి ఉన్నాడు. రెండు అరచేతులకీ గుడ్డ కట్టు. ఆమె అడగగానే ఒక్క గుక్కలో చెప్పాడు. "నేనున్నాను మేడం. ఇక్కడ బస్తాలున్నాయి, రేకుల దాకా. ముందే ఒద్దన్నాను. ఆఖరికి సీరి దూరినాను."

"చూసినవాళ్లు ఎవరున్నారు?"

విక్టరు కళాసీల వైపు చూశాడు. కళాసీలు మేస్త్రి వైపు చూశారు. ముఠా కట్టుబాటు అది. ముఠా తరఫున మాట్లాడేది మేస్త్రి ఒక్కడే. కూలి మాట్లాడినా అతనే, తగువు మాట్లాడినా అతనే. మిగిలినవాళ్లు అతని మాట మీద నిలబడతారు. అది మంచో చెడో ఎప్పుడూ అడగరు.

"మేస్త్రి మీరేనా?"

"నేనే అమ్మా."

"చనిపోయినతను మీ అల్లుడని చెప్పారు."

"మేనల్లుడు. అల్లుడు కూడాను."

"ఆ రోజు బోర్డు ముందు బస్తాలున్నాయా?"

కొండబాబు దగ్గాడు. ఆఫీసు వరండాలో సంతకాల కోసమని పిలిపించిన రేఖ తల్లి పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. విక్టరు మాటలు వినబడి లేచి, షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నరసింగరావు ఆమెని చూడలేదు. బోర్డు ముందు జాగా చూస్తున్నాడు. ఖాళీ చేశాక అది ఎంత చిన్నదిగా ఉందో అప్పుడే తెలిసింది. ఒక మంచం పట్టే చోటు. అక్కడ పెట్టినన్ని బస్తాలు వరండాలో సర్దినా పట్టేవి, ఆఫీసు గదిలో సర్దినా పట్టేవి. కొండబాబు కుర్చీ కాస్త జరపాల్సి వచ్చేది, అంతే. ఎందుకు తోచలేదో. తోచకపోవడం కాదు. నెట్టు కలిసొస్తుందనుకున్నాడు. గోడ ఆసరా ఉంటే మూలలు బాగా పడతాయి. ఆ వేళ అతను ఆలోచించింది మూలల గురించి.

"అడుగుతున్నాను మేస్త్రి గారూ."

"ఉన్నాయమ్మా."

"బస్తాలు?"

"కింద నుంచి రేకుల దాకా. విక్టరు ఎక్కడికీ ఎల్లనేదు. నెట్టు మీదే ఉన్నాడు. ఆడు పారెయ్యండంతంటే మేం మోసుకెళ్లి పేర్సినాం. ఆడే సీరినాడు, ఆడే స్విచ్చి కట్టినాడు. ఊర్లో అనుకుంతన్న మాట అబద్ధం."

విక్టరు గోడకి జారబడి కూర్చుండిపోయాడు. కట్టు కట్టిన చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొండబాబు ముందుకొచ్చాడు. పట్నం మాట పోయింది, మావా కూడా పోయింది.

"మేస్త్రీ, బోర్డు ముందు పెట్టమని నా నోటంట ఒచ్చినాదా? సెప్పు, మేడం ముందు సెప్పు."

"రానేదు బాబూ. పొడున్న కాడ పెట్టమన్నారు."

"ఇన్నారా మేడం?"

"విన్నాను. రెండూ విన్నాను" అంది ఇనస్పెక్టరు. నరసింగరావు వైపు తిరిగింది. "నెట్టు కట్టింది ఎవరు?"

"నేనే."

"ఖాళీ వదలమని విక్టరు మీకు చెప్పాడా?"

"సెప్పినాడు. ఆడు దూరీపాటి సందైనా ఒగ్గమన్నాడు."

గుమ్మంలో చిన్నతల్లి కూతురి చెయ్యి పట్టుకోబోయింది. రేఖ చెయ్యి విడిపించుకుని షెడ్డులోకి వచ్చింది. తడిసిన నేల మీద, పసుపు గీతకి ఇవతల నిలబడింది. నరసింగరావు ఇప్పుడు తల ఎత్తాడు. ఇనస్పెక్టరు అడిగిన మాటకి కూతురికి జవాబు చెప్పాల్సి వచ్చింది.

"విని కూడా ఎందుకు పెట్టారు?" అని ఇనస్పెక్టరు అడిగింది.

"వాన కమ్ముకొచ్చీసినాదమ్మా. బయట లోడ్లకి లోడ్లు ఉండిపోనాయి. రైతులు ఏడుస్తన్నారు. వడ్లు తడిసిపోతాయని పెట్టినాను. తడిసిపోతాయనే రేఖా..."

"తడవనేదు కదా నాన్నా. ఒక్క బస్తా కూడా తడవనేదు."